బ్రహ్మచారి బండిలో టీవీ

పేరు చూసి పెళ్లికాని మనిషి అనుకునేరు. బ్రహ్మచారికి మంగ అనే భార్య ఉంది, పెళ్లీడుకొచ్చిన సంతోషి అనే కూతురు ఉంది, సూరత్ ఉధ్నాలో రెండు గదుల అద్దె ఇల్లు ఉంది. కోరుట్ల దగ్గర వడ్రంగుల ఇంట్లో పుట్టినవాళ్ల పేర్ల చివర చారి ఉండటం మామూలే. సూరత్ జనానికి ఆ సంగతి ఏం తెలుసు? ముప్పై ఏళ్లుగా అతని పేరు విని నవ్వుతూనే ఉన్నారు. నన్నడిగితే నవ్వాల్సింది పేరు చూసి కాదు, అతని కాళ్లు చూసి. ఆ కాళ్లు ఒక్కచోట ఆగవు. అన్నం తింటూ కూడా లేచి వెళ్లి కిటికీ గడియ బిగించి వచ్చి మళ్లీ ముద్ద కలుపుకునే రకం. “నీకు పీట ఎందుకయ్యా, నిలబడే తిను” అని మంగ అనేది. అతను నిలబడే తినేవాడు కూడా.

పదహారేళ్ల వయసులో ఊరు వదిలి వచ్చి, సాంచాల కార్ఖానాలో చేరాడు. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచా అనే అంటారు. అప్పట్లో వాటికి కర్ర సామాను ఎక్కువ. కర్ర పట్టిన చెయ్యి కాబట్టి బాగుచేసే పనిలోకి దిగాడు, తర్వాత ఇనుమూ నేర్చాడు, మేస్త్రీ అయ్యాడు. సాంచాలు ఆడే హాల్లో అడుగుపెట్టినవాడికి తెలుస్తుంది ఆ మోత ఏమిటో. పక్కన నిలబడి అరిచినా మాట చేరదు. అందుకే అక్కడ అందరూ నోళ్లు చూసి మాట్లాడుకుంటారు. ఆ చివర నిలబడి మేస్త్రీ పెదాలు కదిపితే ఈ చివర మనిషి నూనె డబ్బా పట్టుకొస్తాడు. కొందరు జాగ్రత్తపరులు చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లు. వాళ్లను చూసి బ్రహ్మచారి ఎగతాళి చేసేవాడు. “సాంచా సప్పుడు ఇనకుంటె దాని రోగం ఎట్ల దెలుస్తది?” అనేవాడు. నిజంగానే చప్పుడు విని రోగం చెప్పేవాడు, ఆ గర్వం అతనికి ఉండేది.

2020 మార్చిలో సూరత్ ఆగిపోయింది. ఉధ్నాలో సాంచాలన్నీ ఒకేసారి ఆగడం అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇంటి గోడలు ఎప్పుడూ సన్నగా అదురుతూ ఉండేవి, అదీ పోయింది. చుట్టుపక్కల మనవాళ్లంతా దొరికిన లారీ ఎక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. ఊళ్లో తనకని గోడ కూడా లేని బ్రహ్మచారి ఉండిపోయాడు.

అప్పుడు మొదలైంది అసలు బాధ. అంత నిశ్శబ్దంలోనూ అతనికి సాంచాలు ఆడుతున్న చప్పుడు వినిపించేది. సన్నగా, ఎడతెగకుండా, పక్క గల్లీలో ఎవడో దొంగచాటుగా నడుపుతున్నట్టు. “ఎవడో సేఠ్ లోపట నడిపిస్తుండు. మనల్ని మాత్రం కూసోబెట్టిండ్రు” అని మండిపడేవాడు. మంగ చెవి రిక్కించి వినేది. “ఏ సప్పుడు లేదయ్యా. కుక్క గూడ మొరుగుతలేదు” అనేది. అతను నమ్మలేదు. మిట్ట మధ్యాహ్నం నిర్మానుష్యంగా ఉన్న గల్లీల్లోకి దూరి, మూసిన షట్టర్లకు చెవి ఆనించి వెతికేవాడు. ఒకనాడు పోలీసు జవాను పట్టుకున్నాడు. లోపల సాంచాలు నడుస్తున్నాయని బ్రహ్మచారి అతనికే ఫిర్యాదు చేశాడు. జవాను తనూ షట్టరుకు చెవి ఆనించాడు. కాసేపు విన్నాడు. తర్వాత బ్రహ్మచారి మొహం చూసి, లాఠీ ఎత్తినవాడు దించేసి, ఇంటికెళ్లి పడుకోమన్నాడు.

పడుకుంటే ఇంకా ఎక్కువ వినబడేది. ఆ చప్పుడు గల్లీలో లేదు, తన తలలోనే ఉంది. ముప్పై ఏళ్ల మోత అతని చెవులను తినేసి, వాటికి బదులు ఆ హోరును వదిలి వెళ్లింది. ఈ సంగతి మీకూ నాకూ తెలుస్తోంది గానీ అతనికి తెలియదు. తెలియని మనిషికి కుదురెక్కడుంటుంది?

అతని యజమాని సేఠ్ కార్ఖానా మూసేస్తూ, గుడ్డ తానులు మోసే పాత ఈకో వ్యానును బ్రహ్మచారికి అప్పగించాడు, నడుపుకుని బతకమని. అతను వెనక సీట్లు బిగించాడు, చిరిగిన కవర్లు కుట్టించాడు, ముందుకీ వెనక్కీ మధ్యన జబ్బు సోకకుండా, అవతలి మనిషి కనబడే దళసరి ప్లాస్టిక్ షీటు వేలాడదీశాడు. బండి తోలడం అతనికి నచ్చింది. కూర్చున్నా కదులుతూనే ఉంటాడు కదా. ఒక్కటే చికాకు. మూతికి మాస్కు కట్టుకున్నప్పటి నుంచి ఊరందరికీ గొణుగుడు రోగం పట్టుకుందని అతని నమ్మకం. “గట్టిగ మాట్లాడితె కరోనా వస్తదా వీళ్లకు?” అని మంగ దగ్గర విసుక్కునేవాడు. ఫోన్లు మాత్రం మంగే ఎత్తేది. బండి తోలేవాడు ఫోన్ మాట్లాడకూడదని వాళ్లిద్దరూ చెప్పుకునే కారణం. బండి ఇంటి ముందు నిలిపి ఉన్నప్పుడూ ఆమే ఎత్తేది.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో, రెండోసారి జబ్బు ఊరిమీద పడి ఆసుపత్రుల ముందు ఆంబులెన్సులు బారులు తీరిన రోజుల్లో, మంగ ఒక ఫోన్ ఎత్తింది. ఉధ్నా పక్కనే భేస్తాన్‌లో ఉంటున్న భుజంగరావు అనే పెద్దమనిషి. బెజవాడ వైపువాడు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య సీతమ్మకు మూత్రపిండాలు చెడిపోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. ఆసుపత్రి అనేసరికి ఏ ఆటోవాడూ, ఏ కారువాడూ రావడం లేదు. తనకు కరోనా వచ్చి తగ్గింది గానీ నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఎలాగూ లోపలికి తోడు మనిషిని రానివ్వరు. “మీకు పుణ్యముంటుందమ్మా, ఆయన్ని ఒప్పించండి” అన్నాడు. మంగ మొగుడి ఎదుట నిలబడి, నోరు బాగా కదుపుతూ, విషయం చెప్పింది. బ్రహ్మచారి అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

సీతమ్మ సన్నగా, పాలిపోయి ఉండేది. ఎక్కేటప్పుడు “నమస్కారం నాయనా” అనేది, దిగేటప్పుడు “వస్తాను నాయనా” అనేది. మధ్యలో కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునేది. బయట ఏముంది ఆ రోజుల్లో? పోతున్నవి ఆంబులెన్సులు, వస్తున్నవి శవాల బళ్లు. అద్దంలో ఆమె కళ్లు ఒక్కో బండి వెంట వెళ్లి తిరిగి రావడం అతను చూసేవాడు. ఆమె లోపల ఉన్న నాలుగు గంటలూ ఆసుపత్రి ఆవరణలో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. టైర్లు తన్ని చూసేవాడు, తుడిచిన అద్దమే తుడిచేవాడు. తలలో హోరు ఆగేది కాదు. ఆ తిరుగుడులోనే అతనికి ఆలోచన తట్టింది, వెనక సీటు ముందర టీవీ పెడితే? అమ్మ బయటకు చూడక్కర్లేదు.

ఆలోచన వచ్చాక ఆగే మనిషి కాదు కదా. సగం షట్టరు ఎత్తి వ్యాపారం చేస్తున్న సామాన్ల దుకాణంలో, విప్పేసిన టూరిస్టు కారు తాలూకు తెర ఒకటి దొరికింది. ట్రిప్పు లేని మర్నాడు ఇంటి ముందరి వేపచెట్టు నీడలో పని మొదలుపెట్టాడు. తన సీటు తలదిండు ఊడదీసి, దాని రెండు కడ్డీలకు పట్టీ వేసి తెర బిగించాడు. ప్లాస్టిక్ షీటుకు అంతమేర కిటికీలా కోత పెట్టి, అంచులకు టేపు అంటించాడు. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి వైరు లాగి, కాళ్లకు తగలకుండా మ్యాటు కిందుగా తీసుకెళ్లాడు. తెరలో ఉన్న స్పీకరు అతనికి దోమ గొంతులా అనిపించింది. వెనక తలుపులకు రెండు పెద్ద స్పీకర్లు పెట్టి, సీటు కింద ఆంప్లిఫయర్ దాచాడు. సాంచాకు విడిభాగం బిగించినట్టు, ప్రతి మరనూ బిగించాక వేలితో కొట్టి చూశాడు. పాత కామెడీ సీన్లు సంతోషి పెన్‌డ్రైవులో వేసి ఇచ్చింది.

ఆ సాయంత్రం ఇంటి ముందు వెనక సీట్లో కూర్చుని టీవీ పెట్టాడు. సౌండు పెంచాడు. చాలదనిపించి ఇంకొంచెం పెంచాడు. ఒకచోట తలలో హోరు ఠక్కున ఆగిపోయింది. ఏడాదికి పైగా ఆగనిది ఆగిపోయింది. బ్రహ్మచారి సీటుకు చేరగిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. అదే సరైన సౌండని అక్కడ బొత్తం వదిలేశాడు.

వాడలో మిగిలిన నాలుగిళ్లవాళ్లూ గుమ్మాల్లోకి వచ్చారు. మంగ పరుగున వచ్చి తలుపు తీసింది.

“ఏందయ్యా గిది? పెండ్లి బ్యాండు లెక్క. తగ్గియ్యి జర.”

“మంచిగున్నది గదనే. నీకు టీవీ లేదని కుళ్లు.”

మంగ తల పట్టుకుని లోపలికి పోయింది.

తొలిసారి టీవీ చూసినప్పుడు సీతమ్మ కళ్లు పెద్దవయ్యాయి. “నా కోసమా?” అంది. మాస్కు చాటున ఆ మాట అతనికి తెలియలేదు గానీ కళ్లు తెలిశాయి. సంబరంగా బొత్తం నొక్కాడు. ఆమె ఉలిక్కిపడటం కూడా సంబరమే అనుకున్నాడు. దారంతా అద్దంలో చూస్తూనే ఉన్నాడు, ఆమె ఒక్క శవాన్నీ చూడలేదు, తెరనే చూసింది. ఆ తర్వాతి ట్రిప్పు నుంచి వెనక సీట్లో దూది ఉండలు కనబడసాగాయి. సూది గుచ్చినచోట పెట్టిన దూదేమో అనుకుని ఊడ్చేసేవాడు. ఆమె అవి చెవుల్లో పెట్టుకుంటోంది. తన కోసం తంటాలు పడి బిగించిన మనిషిని సౌండు తగ్గించమని ఎలా అడుగుతుంది పాపం. మర్యాద కూడా ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

మే నెలలో ఒక రోజు డయాలసిస్ అయి తిరిగొస్తున్నారు. తెర మీద ఎవరో ఎవరినో తరుముతున్నారు. బ్రహ్మచారి హాయిగా తోలుతున్నాడు, తలలో హోరు లేదు. స్పీడు బ్రేకరు దగ్గర అలవాటుగా అద్దంలోకి చూశాడు. సీతమ్మ తల కిటికీ అద్దానికి ఒరిగి ఉంది. నిద్రనుకున్నాడు. బండి ఎగిరి దిగినా ఆ తల లేవలేదు. చెయ్యి సీటు మీంచి జారి వేలాడుతోంది.

బండి ఎలా తిప్పాడో అతనికే తెలియదు. ఆసుపత్రి వాకిట్లో ఆమెను చేతుల మీద ఎత్తుకుని పరుగెత్తాడు. బీపీ పడిపోయిందన్నారు, తల కిందికి పెట్టి సెలైన్ ఎక్కించారు. బయట అతను నిలబడలేకపోయాడు, కూర్చోలేకపోయాడు. గోడ దాకా వెళ్లడం, తిరిగి రావడం. తలలో సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. పొద్దు వాలేవేళకు ఆమె కళ్లు తెరిచింది. ఇంటి గుమ్మంలో భుజంగరావు రెండు చేతులూ జోడించి, మాస్కు తీసి మరీ, “సమయానికి చూశావయ్యా, బతికించావు” అన్నాడు. బ్రహ్మచారి ఆ మాటను ఇంటిదాకా మోసుకెళ్లి మంగకు చెప్పుకున్నాడు.

తర్వాతి ట్రిప్పులో, ఆసుపత్రికి వెళ్లే దారిలో, ఫ్లైఓవర్ నీడలోకి రాగానే సీతమ్మ ప్లాస్టిక్ షీటు మీంచే అతని సీటును చరిచింది. సీటు అదిరితే తెలిసి బండి ఆపాడు. టీవీ కట్టేయమని చేత్తో చూపింది. కట్టేశాడు. ఆమె మాస్కు గడ్డం కిందికి లాగింది.

“బ్రహ్మచారీ, మొన్న నేను పడిపోయే ముందు నిన్ను పిలిచాను.”

అతను ఆమె పెదాలనే చూస్తున్నాడు. “ఎప్పుడమ్మా?”

“కళ్లు తిరుగుతున్నాయి, ఆపమని. చాలాసార్లు పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను.”

“టీవీ సప్పుడుల వినరాలేదేమో.”

ఆమె ఆరిన తెర వైపు చూసింది. టీవీ ఇప్పుడు నడవడం లేదు. మెల్లగా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు అతని మీదే నిలిపింది. ఏదో అన్నదని బుగ్గల కదలిక బట్టి తెలిసింది. ఏమన్నదో తెలియలేదు. చెయ్యి తీయకుండా మళ్లీ అన్నది. తలలో హోరు తప్ప అతనికి ఏమీ వినబడలేదు.

చెయ్యి తీసి, “నీ పేరే పిలిచాను నాయనా” అంది.

బ్రహ్మచారి ముందుకు తిరిగి స్టీరింగు పట్టుకున్నాడు. గొణుగుడు పట్టిన ఊరు, కుళ్లుకునే మంగ, దొంగచాటు సేఠ్, జాలిగా చూసిన జవాను, అందరూ వరసగా గుర్తొచ్చారు. చప్పుడు విని రోగం చెప్పేవాడట తను. సిగ్గుతో ఒళ్లు మండింది. ఆ సిగ్గు వెనకే భయం వచ్చింది. ఇన్నాళ్లూ వెనక ఎవరు హారన్ కొట్టారో, ఎవరు అరిచారో. తనకు హాయిగా ఉందని పెంచుకున్న సౌండు కింద ఒక మనిషి పిలుపు అణగిపోయింది.

ఆ రోజు ఆమెను జాగ్రత్తగా ఇంటికి చేర్చి, మెట్లెక్కి వెళ్లి, భుజంగరావు ముందు నిలబడ్డాడు.

“సారూ, జర మాస్కు తియ్యిండ్రి. నాకు చెవులు వినరావు. మొన్న అమ్మ పిలిస్తె నాకు వినరాలే. నేను బతికియ్యలే సారూ, నా వల్లనే గంత దూరం వచ్చింది. వేరే బండి చూస్కోండ్రి.”

భుజంగరావు మొహం ఎర్రబడింది. “చెవుడు పెట్టుకుని బండెలా నడుపుతావయ్యా? మనిషి ప్రాణంతో ఆటలా? ముందే చెప్పొద్దూ?” ఆయాసంతో గుమ్మం పట్టుకున్నాడు. “రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు.”

బ్రహ్మచారి తల ఊపాడు. కిందికి చూస్తే మాటలు తెలియవు కాబట్టి తల దించుకోవడానికి కూడా లేదు. ఆ తిట్లన్నీ చూస్తూ నిలబడ్డాడు.

లోపలి నుంచి సీతమ్మ గోడ పట్టుకుని వచ్చింది. భర్తతోనే అంది గానీ, బ్రహ్మచారికి కనబడేలా అతని వైపు తిరిగి అంది.

“వినబడేవాళ్లందరికీ ఫోన్లు చేశారు కదండీ మీరు. ఎవరొచ్చారు?”

భుజంగరావు కుర్చీలో కూర్చుండిపోయాడు.

“నేను అతని బండిలోనే వెళతాను” అంది. “ఎలా తీసుకెళ్లాలో అతనే చూసుకుంటాడు.”

ఆ మాటతో బ్రహ్మచారి కాళ్లకు మళ్లీ పని దొరికింది. మెట్ల మీద నిలబడే ఆలోచించాడు. సాంచాలో అడ్డంగా నడిచే పేక పోగు తెగిందంటే, చూసే మనిషి లేకపోయినా సాంచా దానంతటదే ఆగిపోతుంది. దానికి చెవులున్నాయా ఏమన్నానా? పోగు బిగువు మీద ఒక కన్నేసి ఉంచుతుంది, అంతే. ఇంటికెళ్లి, సాంచాలకు వాడే గట్టి నూలు తాడు వెతికి పట్టుకున్నాడు. ఆంప్లిఫయర్ ఊడదీశాడు, పెద్ద స్పీకర్లు ఊడదీశాడు. టీవీని మాత్రం ఉంచి, సౌండు బొత్తం వెనక సీటు దగ్గరికి మార్చాడు. ఊడదీస్తున్నప్పుడు చేతులు కాస్త వెనకాడాయి, అబద్ధం ఎందుకు. ఏడాది మొత్తంలో ప్రశాంతత దొరికింది ఆ స్పీకర్ల దగ్గరే.

తర్వాతి ట్రిప్పులో తాడు ఒక కొస తన ఎడమ చేతికి, మోచేతి పైన కట్టుకున్నాడు. ప్లాస్టిక్ షీటు కిందుగా రెండో కొస తీసుకెళ్లి, సీతమ్మ సూదులు పెట్టని చేతి వేలికి చుట్టాడు.

“జర బాగలేకుంటె గుంజు అమ్మా. సాంచా లెక్క ఆగిపోత. గిట్ల మెల్లగ గాదు, గట్టిగ గుంజాలె.”

పోయేటప్పుడు ఏమీ కాలేదు. వచ్చేటప్పుడు ఆమె టీవీ పెట్టుకుంది, తనకు ఎంత సౌండు కావాలో అంతే. అతనికి అది ఒక్క ముక్క వినబడలేదు. తలలో సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. తాడు చేతికి ఆనుకుని ఊరికే ఉంది. తాడు కదిలితే ఆపాలని తెలుసు, కదలకపోతే ఏమనుకోవాలో అతనికి తెలియదు. నిద్రపోయిందా? చెయ్యి జారిందా? గుంజే ఓపిక కూడా లేదా? అద్దంలోకి చూశాడు. ఎండ పడి ప్లాస్టిక్ షీటు మెరుస్తోంది, వెనక ఏమీ కనబడలేదు. తల పక్కకు వంచి చూశాడు. బండి నెమ్మది చేశాడు. మళ్లీ అద్దంలోకి చూశాడు.

తాడు కదిలింది.

బండి పక్కకు లాగి ఆపి, తాడు ఊడదీసుకుని, చుట్టూ పరుగెత్తి వెనక తలుపు తీశాడు. సీతమ్మ నిటారుగా కూర్చుని ఉంది. అతని మొహం చూసి, మాస్కు కిందికి లాగి, పెదాలు తెలిసేలా నెమ్మదిగా చెప్పింది.

“ఏం కాలేదు నాయనా. అద్దంలోకి చూసి చూసి నీ మెడ పడిపోయేలా ఉంది. అందుకే మెల్లగా లాగాను. గట్టిగా లాగితే ఆపు. మెల్లగా లాగితే, ఉన్నానని.”

బ్రహ్మచారి తలుపు వేసి, ముందుకొచ్చి కూర్చున్నాడు. తాడు మళ్లీ చేతికి కట్టుకోబోతే ముడి పడటానికి చాలాసేపు పట్టింది. కట్టుకున్నాక కూడా బండి స్టార్ట్ చేయలేకపోయాడు, కళ్లకు రోడ్డు ఆనలేదు. వెనక నుంచి తాడు ఇంకోసారి మెల్లగా కదిలింది.